అమ్మ చేతి కొలతతోనే క్యాలరీల లెక్క: బరువు ఎందుకు కదలడం లేదో చూద్దాం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. వయసు 26, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. హైదరాబాదులో కూర్చుని చేసే ఉద్యోగం, వారానికి నాలుగు రోజులు జిమ్ము. కండ పెంచాలని నాలుగు నెలలుగా తిన్న ప్రతిదీ ఫోనులో రాస్తున్నారు. రోజుకు 3000 క్యాలరీలు, 150 గ్రాముల ప్రొటీన్ తింటున్నారని యాప్ చెబుతోంది. బరువు మాత్రం 64 దగ్గరే ఆగిపోయింది. "నా ఒంటి తత్వమే ఇంతా? అమ్మ వంట మానేసి ఉడికించిన చికెన్, ఓట్స్ మొదలుపెట్టాలా?" అని అడిగారు.

మీ ఒంటి తత్వంలో లోపమేమీ లేదు, అమ్మ వంట మానాల్సిన పనీ లేదు. మీరు 3000 క్యాలరీలు తినడం లేదు, అంతే. పందొమ్మిదేళ్లుగా బరువులు ఎత్తుతున్నాను, అందులో పదకొండేళ్లుగా ఇతరులకు శిక్షణ ఇస్తున్నాను. "ఎంత తిన్నా ఎక్కడం లేదు" అని వచ్చినవారిలోనూ, "ఏమీ తినకపోయినా తగ్గడం లేదు" అని వచ్చినవారిలోనూ నేను చూసిన తప్పు ఎక్కువగా ఒక్కచోటే ఉంటుంది. అది పొయ్యికీ కంచానికీ మధ్య జరుగుతుంది.

ముందు మీకు అసలు ఎంత అవసరమో చూద్దాం. 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. మగవారికి బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చించి కలపాలి, వయసును 5తో హెచ్చించి తీసివేయాలి, చివర 5 కలపాలి. ఆడవారికైతే చివర 5 కలపడానికి బదులు 161 తీసివేయాలి. మీకు 640కి 1075 కలిపి, 130 తీసి, 5 కలిపితే 1590 వస్తుంది. రోజంతా మంచం మీద పడుకున్నా మీ శరీరానికి కావలసింది అది. కుర్చీ ఉద్యోగం, నాలుగు రోజుల వ్యాయామం కాబట్టి దాన్ని 1.5తో హెచ్చిస్తే 2385. ఇది అంచనాయే, వందా నూటయాభై అటూఇటూ కావచ్చు. కానీ మీరు నిజంగా 3000 తిని ఉంటే రోజుకు 600 మిగులు ఉండాలి. నాలుగు నెలలకు 72,000. కిలో కొవ్వుకు సుమారు 7700 క్యాలరీలు అనుకుంటే అది తొమ్మిది కిలోలు. శరీరం మిగులులో కొంత కదలికల్లో, వేడిలో ఖర్చు చేసేస్తుంది, అది నిజమే. అయినా అందులో సగమైనా కాటా మీద కనిపించాలి. మీకు అరకిలో కూడా కనిపించలేదు.

ఇక మీరు పంపిన ఒక రోజు జాబితా. పొద్దున ఇడ్లీలు 4, గుడ్లు 3. మధ్యాహ్నం "బియ్యం 250 గ్రాములు, కందిపప్పు 150 గ్రాములు". రాత్రి "బియ్యం 200 గ్రాములు, చికెన్ బ్రెస్ట్ 150 గ్రాములు". పాలు 400 మిల్లీలీటర్లు. యాప్‌లో వేస్తే సరిగ్గా మీరు చెప్పినట్టు 3000 దగ్గరకు వస్తుంది.

ఇప్పుడు నిజం చెప్పండి. ఆ 250 గ్రాములు బియ్యమా, అన్నమా? కంచంలో పెట్టుకున్న అన్నాన్ని తూచి, యాప్‌లో వెతికితే "రైస్" అని మొదట వచ్చినదాన్ని ఎంచుకున్నారు. అది పచ్చి బియ్యం లెక్క. 100 గ్రాముల బియ్యంలో సుమారు 356 క్యాలరీలు ఉంటాయి. 100 గ్రాముల అన్నంలో దాదాపు 130 మాత్రమే, మిగిలినదంతా నీళ్ల బరువు. రెండు పూటల 450 గ్రాముల అన్నానికి మీరు 1600 రాసుకున్నారు, తిన్నది 585. అక్కడే వెయ్యి క్యాలరీలు గాలిలో కలిసిపోయాయి.

పప్పు కూడా అంతే. 150 గ్రాములు తూచింది ఉడికిన పప్పుని, అందులో కంది పలుకులు ముప్పై నలభై గ్రాములకు మించి ఉండవు. మీరు 33 గ్రాముల ప్రొటీన్ అనుకున్నది నిజానికి 7 గ్రాములు. చికెన్ సంగతి చెప్పాలా? ఇంట్లో వండింది ఎముకలతో కూర. అందులోంచి ముక్కలు, గుజ్జు కలిపి 150 గ్రాములు వేసుకుంటే ఉడికిన మాంసం 80 గ్రాములు ఉంటే గొప్ప. యాప్‌లో ఉన్నది చర్మం, ఎముక, పులుసు లేని వట్టి రొమ్ము మాంసం. సరిచేసి మళ్లీ కూడితే మీ జాబితా మొత్తం 1500 క్యాలరీలు, 80 గ్రాముల ప్రొటీన్.

"1500 మాత్రమే అయితే నేను చిక్కిపోవాలి కదా" అంటారు. అవును, చిక్కాలి. చిక్కలేదంటే జాబితాలో లేనివి ఉన్నాయన్నమాట. ఇడ్లీతో పల్లీ చట్నీ, మూడు టీలు, వాటిలో చక్కెర, సాయంత్రం ఆఫీసులో రెండు సమోసాలో నాలుగు బిస్కెట్లో, చివరి ముద్దల్లోకి పెరుగు, పప్పులోకి నెయ్యి. అన్నింటికీ మించి నూనె. మీ ఇంట్లో నలుగురికి నెలకు నాలుగు లీటర్ల నూనె అవుతుందని మీరే రాశారు. తలకు లీటరు. లీటరు నూనె బరువు 910 గ్రాములు, గ్రాముకు 9 క్యాలరీలు. రోజుకు 270 క్యాలరీలు, అవి మీ యాప్‌లో ఎక్కడా లేవు. ఇవన్నీ కలిపితే ఎనిమిది తొమ్మిది వందలు సులువుగా అవుతాయి. 1500కి 850 కలిపితే 2350. మీ బరువు నిలకడగా ఉండటానికి కావలసింది 2385. చూశారా, మీ శరీరం లెక్క తప్పలేదు. ఒకవైపు వెయ్యికి పైగా ఎక్కువ రాసి, ఇంకోవైపు ఎనిమిది వందలు రాయకుండా వదిలేశారు. రెండు తప్పులూ కలిసి యాప్‌లో అందమైన అంకె చూపించాయి.

దీనికి సిగ్గుపడకండి. 1992లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. రోజుకు 1200 క్యాలరీలకు మించి తినకపోయినా తగ్గడం లేదని చెప్పుకున్నవారిని ప్రత్యేక పద్ధతుల్లో పరీక్షించారు. వాళ్ల శరీర ధర్మంలో తేడా ఏమీ లేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్లు అబద్ధాలకోరులు కారు. మనిషి తిండిని కళ్లతో కొలవలేడు, అంతే.

ఇక చేయవలసింది. కంచం దగ్గర కాటా పెట్టడం మానేయండి. గిన్నె దగ్గర పెట్టండి.

విదేశీయులు చెప్పే పద్ధతులు మన ఇళ్లలో ఎందుకు కుదరవంటే, అక్కడ ఎవరి భోజనం వారు వండుకుంటారు. ఒక ముక్క మాంసం, కాసిని కూరగాయలు, తూచి పళ్లెంలో వేసుకుంటారు. మన ఇంట్లో పప్పు ఒకే గిన్నె, కూర ఒకే మూకుడు, నలుగురూ అందులోంచే వడ్డించుకుంటారు. కాబట్టి తూకం వంటకు ముందే జరగాలి. వంటింట్లో ఉన్న నాలుగైదు గిన్నెలు ఖాళీగా ఒక్కొక్కటీ తూచి, ఆ బరువులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్జు తలుపుకు అంటించండి. ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. ఇక రోజూ పచ్చి పప్పు ఎంత వేశారో, తాలింపులో నూనె ఎంతో తెలిస్తే చాలు. వంట అయ్యాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. మీరు వడ్డించుకున్నాక అదే గిన్నెను మళ్లీ తూస్తే, ఎంత తగ్గిందో అంత మీ కంచంలో ఉన్నట్టు.

మా ఇంటి లెక్క చెబుతాను. కందిపప్పు 200 గ్రాములు, నూనె 10 గ్రాములు, మిగిలినది టమాటా, నీళ్లు. ఉడికి, తాలింపు పడ్డాక మొత్తం 900 గ్రాములు. నేను కంచంలో 180 గ్రాములు వేసుకుంటే అది అయిదో వంతు. నా వాటా 40 గ్రాముల కందిపప్పు, 2 గ్రాముల నూనె. దాదాపు 150 క్యాలరీలు, దగ్గరదగ్గర 9 గ్రాముల ప్రొటీన్. యాప్‌లో "దాల్ తడ్కా ఒక కప్పు" అని ఎవరో ఎక్కడో రాసిన అంకెతో నాకు పని లేదు. పచ్చి కందిపప్పు 40, నూనె 2 అని రాస్తాను.

అన్నానికీ ఇదే. 400 గ్రాముల బియ్యం కుక్కర్లో వండితే మా ఇంట్లో 1100 గ్రాముల అన్నం అవుతుంది. అంటే అన్నం బరువును 2.75తో భాగిస్తే బియ్యం వస్తుంది. మీ ఇంట్లో ఇది వేరుగా ఉండవచ్చు. పాత బియ్యం బాగా ఒదుగుతుంది, కొత్త బియ్యం అంత ఒదగదు. గంజి వార్చేవారి లెక్క కుక్కర్ లెక్కకు సరిపోదు. బస్తా మారినప్పుడల్లా ఒకసారి తూచి చూసుకోండి. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటే, దానికి తలకొట్టి కొలిస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది.

ఇడ్లీ, దోసెలకు నానబెట్టేటప్పుడే పప్పూ రవ్వా తూచి, మొత్తం ఎన్ని ఇడ్లీలు అయ్యాయో దానితో భాగించండి. కూరకు తెచ్చిన కోడిమాంసం ఎముకలతో ఉంటే, ఒక ఆదివారం తిన్నాక ఎముకలన్నీ తూచండి. పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఎముకే ఉంటుంది. మీరు కొనే కొట్టువాడు కొట్టే తీరును బట్టి అది మారుతుంది, కాబట్టి మీ లెక్క మీరే తేల్చుకోవాలి. నూనెకు కొలతలు వద్దు. కొత్త ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు వరకు ఎన్ని రోజులు వచ్చిందో, ఇంట్లో ఎంతమందో, దానితో భాగించి ఆ అంకెను రోజూ ఒకేలా రాసుకోండి. వడలు, బజ్జీలు కాల్చిన మిగులు నూనె పారబోస్తే అంత తీసేయండి. చెంచాలతో కొలిచిన దానికంటే ఇదే నిజానికి దగ్గరగా ఉంటుందని నా అనుభవం.

మీ అమ్మగారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ లెక్కలు ఇక్కడే మానేస్తారు. నేను మొదటిసారి చిన్న ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టిన రోజు మా అమ్మ మాట్లాడలేదు. రెండో రోజు "తిండిని తూచుకుని తినే కరువు మన ఇంట్లో ఎప్పుడూ రాలేదు నాయనా" అంది. తినే ముద్దలు లెక్కపెట్టకూడదని నమ్మే ఇల్లు మాది. బిడ్డ కంచంలో అన్నం తూచడం అంటే తాను పెట్టింది చాలలేదనో, ఎక్కువైందనో వేలెత్తి చూపినట్టు ఆమెకు తోచింది. నేను ఆ బాధను పట్టించుకోకుండా, పోటీకి తయారవుతూ, మూడు నెలలు విడిగా ఉడకబెట్టుకుని తిన్నాను. ఉప్పు లేని చికెన్, తెల్లసొనలు. ఆ మూడు నెలలు ఇంట్లో అందరితో కలిసి ఒక్క పూట కూర్చుని తినలేదు. పోటీ అయిపోయిన వారంలో కంటికి కనిపించిందల్లా తిని, తగ్గినదాన్ని మించి పెరిగాను. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఆ పెరిగిన బరువు గురించి కాదు, ఆ మూడు నెలల గురించి.

తర్వాత వేరే దారి పట్టాను. "అమ్మా, పప్పులోకి ఎంత పోస్తావు?" అని అడిగాను. "నాలుగు గుప్పిళ్లు" అంది. ఆ నాలుగు గుప్పిళ్లూ ఆమె చేతనే గిన్నెలో పోయించి తూచాను. మూడు రోజులు వరుసగా తూచాను. రోజుకూ రోజుకూ తేడా ఐదారు గ్రాములు దాటలేదు! నలభై ఏళ్లుగా అదే చెయ్యి, అదే కొలత. ఇక తూచవలసిన అవసరమే లేకపోయింది. మా అమ్మ గుప్పిట అంటే ఇన్ని గ్రాములని నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. గిద్దె, సోలలతో కొలిచి వండిన వంటిళ్లు మనవి, కొలత మనకు కొత్తది కాదు. కాటా కంచం దగ్గర ఉంటే తల్లికి అవమానం, పప్పు డబ్బా దగ్గర ఉంటే వంటకు సాయం. మీ అమ్మగారిని ముందే అడగండి, ఆమె చేతనే తూయించండి. ఆ తర్వాత "ఈ రోజు అరగుప్పెడు ఎక్కువ పోశాను, రాసుకో" అని ఆవిడే చెబుతారు.

ఇప్పుడు మీ లక్ష్యాలు. బరువు నిలబెట్టే 2350కి 250 కలిపితే 2600. అంతకంటే ఎక్కువ మిగులు వద్దు, కండ పెరిగే వేగానికి ఒక హద్దు ఉంది, ఆపైన తిన్నది పొట్ట దగ్గరే చేరుతుంది.

ప్రొటీన్ విషయంలో రెండు అంకెలు వినిపిస్తాయి, రెండూ సరైనవే. భారత వైద్య పరిశోధన మండలి, మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు కిలో బరువుకు 0.83 గ్రాములు. అది ఆరోగ్యవంతుడైన సాధారణ మనిషి కోసం. బరువులు ఎత్తి కండ పెంచేవారి మీద జరిగిన 49 పరిశోధనలను కలిపి 2018లో చేసిన విశ్లేషణ ప్రకారం 1.6 గ్రాముల వరకు లాభం ఉంటుంది, ఆపైన సగటున అదనపు లాభం కనిపించలేదు. మీకు 1.6 అంటే 102 గ్రాములు. కొద్దిగా పైన, 115 పెట్టుకోండి. జిమ్ములో ఎవరైనా కిలోకు మూడు గ్రాములు తినమంటే తల ఊపి వచ్చేయండి. కొవ్వు 60 గ్రాములకు తగ్గకూడదు, హార్మోన్లకు అది కావాలి. 80 దాటనవసరం లేదు. మిగిలిన క్యాలరీలన్నీ పిండిపదార్థాలకు వదిలేయండి. బరువులు ఎత్తడానికి శక్తినిచ్చేది అవే. అన్నం శత్రువు అని ఎవరో చెప్పి ఉంటారు, కండ పెంచేవారికి అన్నం మంచి నేస్తం.

ఇంటి తిండితో 115 గ్రాములు ఎలా అవుతుందో చూపిస్తాను, అన్నీ పచ్చి తూకాలే. పొద్దున 60 గ్రాముల పెసలు నానబోసి రుబ్బిన పెసరట్లు, వాటిలో 14 గ్రాములు. గుడ్లు 3, 18 గ్రాములు. రోజంతటికీ బియ్యం 220 గ్రాములు, 17. రెండు పూటలా కలిపి కందిపప్పు 60 గ్రాములు, 13. ఎముక లేని కోడిమాంసం 150 గ్రాములు, 33. టోన్డ్ పాలు, ఆ పాలతోనే తోడుపెట్టిన పెరుగు కలిపి అరలీటరు, 16. పల్లీలు 30 గ్రాములు, 7. మొత్తం 118. దీనికి నూనె 25 గ్రాములు, రెండు అరటిపండ్లు, టీలలో చక్కెరతో కలిపితే సుమారు 2600 క్యాలరీలు. కొవ్వు కూడా 80 లోపే ఉంటుంది. నూనె మాత్రం ఇప్పటి వాడకం కంటే కొద్దిగా తగ్గించమని అడగాల్సి ఉంటుంది. మాంసం లేని రోజున 60 గ్రాముల మీల్ మేకర్ ఆ లోటు తీరుస్తుంది, ఎండు తూకంలో వందకు 52 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో, అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువగా ఉండే మెథియొనిన్ అన్నంలో ఉంది. పప్పన్నం తిని పెరిగినవారికి ప్రొటీన్ అందదన్న మాట నిజం కాదు. పప్పు నీళ్లగా ఉంటేనే అందదు.

పాల విషయంలో ఒక జాగ్రత్త. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. ఇంటికి గేదెపాలు పోయించుకుంటే ఫుల్ క్రీమ్ లెక్కే వేసుకోండి. అరలీటరు మీద 15 గ్రాముల కొవ్వు తేడా వస్తుంది.

యాప్‌లో అంకెలు నమ్మేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో విల్బర్ అట్వాటర్ తేల్చిన లెక్కనే నేటికీ వాడుతున్నాం. ప్రొటీన్ గ్రాముకు 4, పిండిపదార్థం గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. గుడ్డులో ప్రొటీన్ 6, కొవ్వు 5 అంటే 24, 45 కలిపి 69. యాప్‌లో అదే గుడ్డుకు 69కి దగ్గరగా ఉంటే సరే. ఏ పదార్థానికైనా ఇలా హెచ్చించి చూస్తే పొంతన లేకపోతే, ఎవరో చేతికి తోచింది రాసి పెట్టారని అర్థం, దాన్ని వాడకండి. మన ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలకు జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారాలను పరీక్షించి పట్టికలు ఇచ్చింది. మీరు ఇంట్లో వాడే ఇరవై ముప్పై పదార్థాలు అందులోంచి చూసి మీ యాప్‌లో సొంతంగా చేర్చుకోండి. ఒక సాయంత్రం పని.

వాచీలో, ట్రెడ్‌మిల్ మీద కనిపించే "ఖర్చయిన క్యాలరీలు" మీ లెక్కలోకి రానివ్వకండి. 2009లో మొదటి జిల్లా పోటీకి తయారవుతూ ట్రెడ్‌మిల్ 450 చూపిస్తే, ఇంటికి వచ్చి నిశ్చింతగా 450 తినేవాణ్ణి. ఆరు వారాలు ఒక్క అంగుళం తగ్గలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2017లో చేతికి పెట్టుకునే ఏడు పరికరాలను పరీక్షిస్తే, క్యాలరీల విషయంలో అన్నింటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నింటికంటే అధ్వానమైనది 93 శాతం. మీ వ్యాయామం ఆ 1.5 హెచ్చింపులోనే ఉంది. మళ్లీ కలపకూడదు.

ఇంత చెప్పినా మీ లెక్క ముమ్మాటికీ కచ్చితంగా ఉండదు. ఉండనవసరం లేదు. ప్రతిరోజూ ఒకే తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, రోజుకో తప్పు చేస్తేనే దిద్దుకోలేం. మీ అమ్మగారి గుప్పిట నిజానికి మనం అనుకున్న దానికంటే పది గ్రాములు ఎక్కువైనా ఫరవాలేదు, రోజూ అదే గుప్పిట కాబట్టి. ఆ తప్పు ఎంతో మీ బరువే చెబుతుంది.

దానికి బరువును కూడా సరిగ్గా చూడాలి. పొద్దున లేచి, కాలకృత్యాలు అయ్యాక, నీళ్లు కూడా తాగకముందు. రోజూ చూడండి, కానీ ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకండి. ఏడు రోజులవి కూడి ఏడుతో భాగించి, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. శరీరం ఒక గ్రాము పిండిపదార్థాన్ని కండలో దాచుకుంటే దానితో పాటు సుమారు మూడు గ్రాముల నీరు పట్టుకుంటుంది. రాత్రి ఆవకాయతో రెండు ముద్దలు ఎక్కువ తింటే, ఆ ఉప్పుకు తెల్లారేసరికి కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. అది కొవ్వు కాదు, కండా కాదు. పండుగ మర్నాడు కాటా చూసి భయపడి ఉపవాసం ఉన్నవారిని చూశాను, అలా చేయకండి.

మీకు వారానికి 160 నుంచి 320 గ్రాములు పెరగాలి, అంటే బరువులో పావు నుంచి అర శాతం. లెక్క మార్చిన మొదటి వారం వదిలేయండి, అందులో నీరే ఎక్కువ. తర్వాతి రెండు మూడు వారాల సగటులు కదలకపోతే 150 క్యాలరీలు కలపండి. 40 గ్రాముల బియ్యం అంటే అంతే. వారానికి అరకిలో దాటుతుంటే అంతే తగ్గించండి. ప్రొటీన్ జోలికి వెళ్లకుండా అన్నంతోనే ఈ సర్దుబాటు చేసుకోండి. కొవ్వు తగ్గించుకోవాలనుకునే రోజు వస్తే దిశ మారుతుంది, పద్ధతి మారదు. అప్పుడు వారానికి అర శాతం నుంచి ఒక శాతం తగ్గుదల చాలు.

పెళ్లి భోజనాలు, బయట బిర్యానీలు వచ్చిన రోజు కాటా మాట ఎత్తకండి. బిర్యానీ ప్లేటుకు ఒక అంకె అనుకుని ప్రతిసారీ అదే రాసుకోండి. విస్తరి ముందు కూర్చుని ఫోను తీసి వెతకడం వడ్డించేవారిని చిన్నబుచ్చడమే. నెలకు రెండు విస్తళ్లు మీ కండను ఆపలేవు. ప్రొటీన్ పొడి కొనాలా అని కూడా అడిగారు. పై జాబితా తినగలిగితే అవసరం లేదు, తినలేని రోజుకు సౌకర్యం.

రెండు హెచ్చరికలు. మూత్రపిండాల సమస్య ఉన్నా, మధుమేహానికి మందులు వాడుతున్నా ఈ అంకెలు మీకు వర్తించవు, ముందు డాక్టరును అడగాలి. ఇంకొకటి, రాయని ముద్ద నోట్లో పెట్టడానికి భయం వేయడం మొదలైతే యాప్ ఆ రోజే తీసేయండి. ఒక కుర్రవాడు తన చెల్లెలి పుట్టినరోజు కేకు ముక్క కాగితంలో చుట్టుకుని వచ్చి, "ఇది ఎన్ని గ్రాములు సార్" అని అడిగినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. అతనితో ఆ నెలంతా లెక్కలు మాన్పించాను. అతని కండ తగ్గలేదు.

ఎనిమిది వారాలు శ్రద్ధగా రాస్తే చాలు. ఈ ఎనిమిది వారాల్లో రోజూ ఒక పని చేయండి: వడ్డించుకున్నాక, గిన్నెను మళ్లీ తూచేముందు, కంచంలో ఎంత ఉంటుందో మనసులో ఒక అంకె అనుకోండి. మొదట్లో సగానికి సగం తప్పుతారు. ఏడో వారానికి పది గ్రాముల తేడాతో చెప్పగలుగుతారు. అప్పుడు కాటాను అలమారలో పెట్టి, వారానికి బరువు సగటు, ప్రొటీన్ మొత్తం మాత్రం చూసుకుంటూ ఉండవచ్చు. నేను పన్నెండేళ్లుగా అలాగే ఉన్నాను, పోటీకి ముందు పది వారాలు తప్ప.

ఈ ఆదివారం గిన్నెలు తూచండి, అమ్మగారి గుప్పిట తూచండి, నూనె ప్యాకెట్ మీద తేదీ వేయండి. సోమవారం నుంచి రాయడం మొదలుపెట్టి, నాలుగో వారం చివర నాలుగు సగటులూ, బియ్యం ఎంత ఒదిగిందో ఆ అంకెతో సహా నాకు పంపండి. అప్పుడు 2600 మీకు సరిపోయిందో లేదో కలిసి చూద్దాం.